జివ్వు తగ్గింపు లక్ష్యం

ముమ్మిడిలంక బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఒక్కోసారి ఆ బస్సు నడిపే డ్రైవరుకు కూడా తెలియదు. సుభద్రకు మాత్రం తెలుస్తుంది. క్యాంటీను వెనక గోడకు ఆనుకుని ఉన్న చిన్న గదిలో మైకు ముందు కూర్చుని ఆవిడ "ప్రయాణికులకు గమనిక" అందంటే చాలు, అరటిపండు ఒలుస్తున్న వాళ్ళు కూడా సగంలో ఆపి చెవులు రిక్కించేవారు. ఇరవై మూడేళ్ళుగా అదే మైకు, అదే గొంతు. బస్టాండులో బోర్డులు ఉన్నాయి గానీ వాటి మీద రంగు పోయింది, రంగు పోని బోర్డుల మీద ఉన్న బస్సులు ఎప్పుడో రద్దయ్యాయి. అందుకని చదువు రానివాళ్ళూ, చత్వారం వచ్చినవాళ్ళూ, చదివినా బోర్డును నమ్మనివాళ్ళూ అందరూ ఆ గొంతు పట్టుకునే బస్సెక్కేవారు.

ఇంట్లో ఆవిడకు అంత పలుకుబడి లేదు. భర్త సూర్రాజుకు టీవీ వార్తల మీద ఉన్న గురి పెళ్ళాం మాట మీద లేదు. కూర ఏం వండాలో కోడలు నిర్ణయిస్తుంది. "మైకు ముందు కూర్చున్నప్పుడే నా మాట ఎవరైనా వింటారు" అని సుభద్ర నవ్వుతూ అంటుండేది గానీ అది నవ్వులాటకు అన్న మాట కాదు. రిటైరయ్యే రోజుదాకా ఆ మైకు తన దగ్గరే ఉంటే చాలని ఆవిడ కోరిక. ఇంకేమీ అడగలేదు. ఇంత చిన్న కోరిక మీదికి ఒక సంస్థ సంస్థంతా కదిలి వస్తుందని ఆవిడకు ఎలా తెలుస్తుంది?

ఆ సంస్థ పేరు గోదావరి తీర రవాణా సంస్థ. ఆ ఏడాది వాళ్ళు ప్రయాణికుల ఇబ్బందులేమిటో తెలుసుకుందామని సర్వే చేయించారు. బస్సులు వేళకు రావడం లేదనీ, కుళాయిలో నీళ్ళు రావడం లేదనీ, మరుగుదొడ్డి తలుపులకు గడియలు లేవనీ ప్రయాణికులు రాసిచ్చారు. కేంద్ర కార్యాలయంలో పెద్దలు ఆ కాగితాలన్నీ ఆరు నెలలు చదివి, తర్జనభర్జన పడి, అసలు కారణం కనిపెట్టారు. ప్రయాణికులు గడియారాలకేసీ, కుళాయిలకేసీ, గడియలకేసీ చూస్తున్నారు కాబట్టి బాధపడుతున్నారు. చూడటానికి వాళ్ళకు ఇంతకంటే మంచిది ఏదైనా చూపిస్తే సరిపోతుంది. అలా పుట్టింది ధవళ దరహాస పథకం.

సర్క్యులరు ఇలా వచ్చింది. "విషయము: ప్రయాణికులతో సంబంధము గల సిబ్బంది యొక్క దంతముల ధవళీకరణము గురించి. ప్రయాణికునికి బస్సు ఆలస్యమైనదను భావన కలుగుటకు ముందే సిబ్బంది యొక్క దరహాసము కలుగవలెను. సదరు దరహాసము తెల్లగా ఉండవలెను. పచ్చని దరహాసము ఇకమీదట దరహాసముగా పరిగణింపబడదు."

ఈ పథకం అమలు చేయడానికి ప్రాంతీయ ప్రయాణికానంద అధికారి అనే ఉద్యోగం కొత్తగా సృష్టించి పరాంకుశం గారిని వేశారు. అంతకు ముందు ఆయన టైర్ల విభాగంలో ఉండేవారు. టైరు ఎంత అరిగిందో కొలిచి రాసుకోవడంలో ఆయనను మించినవారు లేరు. ఆ చేత్తోనే ఇప్పుడు పదహారు ఉత్తుత్తి పళ్ళు వరసగా గుచ్చిన ఒక పట్టీ పట్టుకుని ముమ్మిడిలంకలో దిగారు. ఒక్కొక్కరినీ పళ్ళికిలించమని, పట్టీ ఆనించి చూసి నంబరు చెప్తుంటే పక్కనే డిపో మేనేజరు వీర్రాఘవులు రాసుకున్నాడు. ఒకటంటే పాలనురుగు, పదహారంటే చింతపండు. సుభద్రకు పదమూడు వచ్చింది.

వక్క వేసుకుంటారా అని పరాంకుశం గారు అడిగారు. భోంచేశాక ఒక్క పలుకేనని సుభద్ర ఒప్పుకుంది. తరవాత ధైర్యం చేసి తన సందేహం బయటపెట్టింది.

"నా పళ్ళు ఎవరికి కనపడతాయండీ? నా గదికి కిటికీ కూడా లేదు కదండీ."

"దరహాసం కంటికే పరిమితం కాదమ్మా. చెవికి కూడా వర్తిస్తుంది" అన్నారు పరాంకుశం గారు. "పచ్చని పళ్ళ మధ్యనించి వెలువడే ప్రకటనలో ఆ పచ్చదనం కొంత శాతం ఉంటుంది. ఎంత శాతమో నిర్ధారించవలసి ఉంది."

వీర్రాఘవులు తల ఊపాడు. పై అధికారి మాట్లాడినప్పుడు తల ఊపడమే తన ఉద్యోగంలో ముఖ్యభాగమని అతను ఏనాడో గ్రహించాడు. పళ్ళు తెల్లబడని వాళ్ళకు ఇకనించి ప్రయాణికులతో పని ఉండదని, వాళ్ళను డిపోలో పాత టైర్ల గోదాముకు పంపేస్తారని సుభద్రకు ఆ సాయంత్రం చెప్పింది కూడా అతనే. మైకు ఎవరికిస్తారని ఆవిడ అడిగింది. ఎవరికో ఒకరికి, అన్నాడతను. సుభద్ర ఆ రాత్రే వక్క డబ్బా అటక మీద పెట్టేసింది.

వెయిటింగు హాల్లోంచి ప్రయాణికులను ఎండలోకి పంపించి అక్కడ క్యాంపు పెట్టారు. పళ్ళ డాక్టరు హసీనా బేగం అని కాకినాడ నించి వచ్చిందావిడ. వయసు చిన్నదే అయినా పని తెలిసిన మనిషి. రెండు రోజుల్లో నలభై ఒక్క మందికి పళ్ళకు మందు పూసి, నీలం లైటు పెట్టి, పాలనురుగు చేసి పెట్టింది. చివర్లో అందరినీ కూర్చోబెట్టి తర్వాత ఏం జరుగుతుందో చెప్పింది.

"రెండు మూడు రోజులు పళ్ళు జివ్వుమంటాయండి. మందు పైపొర దాటి కొంచెం లోపలికి దిగుద్ది కాబట్టి అలాగుంటది. కంగారు పడొద్దు. బాగా వేడివి, బాగా చల్లవి, పులుపు మానెయ్యండి. కాఫీ, టీ, ఆవకాయ, పసుపేసిన కూరలు రెండ్రోజులు ముట్టుకోకండి, రంగు పట్టేస్తది. మెత్తటి బ్రష్షు వాడండి. జివ్వు తగ్గించే పేస్టు మందుల షాపులో అడిగితే ఇస్తారు, అది పళ్ళకి రాసి కాసేపు అలా వదిలెయ్యండి. నాలుగైదు రోజుల్లో దానంతటదే తగ్గిపోద్ది. అప్పటికీ తగ్గకపోతే నాకు ఫోన్ చెయ్యండి. మళ్ళీ మళ్ళీ మాత్రం చేయించుకోకూడదు. ఏడాదిదాకా ఈ మాట ఎత్తకండి."

సుభద్ర ఆ మాటలన్నీ పాత టైంటేబులు కాగితం వెనక రాసుకుంది. వీర్రాఘవులు రాసుకోలేదు. డాక్టరు చెప్పినదాంట్లో ఎవరు ఎవరికి నివేదించాలో ఎక్కడా లేదు కాబట్టి అది అధికారిక సమాచారం కాదని అతని ఉద్దేశం.

మర్నాడు ముమ్మిడిలంక బస్టాండును చూసినవాళ్ళు ఏదో పెద్ద తలకాయ పోయిందేమో అనుకున్నారు. కండక్టర్లు విజిలు నోట్లో పెట్టుకోగానే చల్లటి ఇనుము పళ్ళకు తగిలి ప్రాణం జిల్లుమనిపోయేది. ఇలా కాదని విజిళ్ళు జేబుల్లో పడేసి బస్సు రేకుల మీద అరచేత్తో బాదడం మొదలుపెట్టారు. క్యాంటీనులో పోసిన టీలు పోసినట్టే చల్లారిపోయాయి. విచారణ కౌంటరులో సత్తిబాబు నియమం ప్రకారం ప్రతి ప్రయాణికుడి ముందూ పళ్ళన్నీ కనపడేలా నవ్వేవాడు, నవ్వగానే నెత్తిమీది ఫ్యాను గాలి పళ్ళకు కొట్టేది, మొహం చిట్లిపోయేది. ఒక పెద్దావిడ అతన్ని చూసి తట్టుకోలేక, బస్సు సంగతి తర్వాత, మీ ఇంట్లో అందరూ కులాసాయేనా నాయనా అని అడిగింది.

సుభద్రకు మొదటి మూడు రోజులూ కష్టంగానే గడిచాయి. నోరు పెద్దగా తెరవాల్సిన మాటలకు ముందు కాస్త ఆగి, పెదాలు పళ్ళ మీదికి లాక్కుని చెప్పేది. గోరువెచ్చని నీళ్ళు తాగింది, పెరుగన్నం చల్లదనం పోయేదాకా బయట ఉంచి తింది, మందుల షాపులో పేస్టు కొనుక్కుని పొద్దునా రాత్రీ రాసుకుంది. డాక్టరమ్మ చెప్పినట్టే అయిదో రోజుకు జివ్వు మాయమైంది. ఆవిడ పెద్ద గ్లాసు నిండా కాఫీ కలుపుకుని, మెట్ల మీద కూర్చుని, ఒక్కొక్క గుక్కా ఆస్వాదిస్తూ తాగింది. మిగతావాళ్ళకు కూడా ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా తగ్గిపోయింది. బస్టాండులో మళ్ళీ విజిళ్ళు మోగాయి.

మామూలు మనుషుల సంగతైతే కథ ఇక్కడితో అయిపోవాలి. కాని జివ్వు నోళ్ళలో తగ్గింది గానీ ఫైల్లో తగ్గలేదు.

సంగతేమిటంటే, రెండో రోజున పరాంకుశం గారు కేంద్ర కార్యాలయానికి రిపోర్టు పంపారు. నలభై ఒక్కమందికి పళ్ళు జివ్వుమంటున్నాయనీ, నాలుగైదు రోజుల్లో దానంతటదే తగ్గిపోతుందని డాక్టరు అభిప్రాయపడ్డారనీ రాశారు. దానికి జవాబు చాలా ఘాటుగా వచ్చింది. "సమస్య దానంతటదే తగ్గుటకు సంస్థ నియమావళిలో అవకాశము లేదు. తగ్గించిన అధికారి పేరు, తగ్గించిన తేదీ, తగ్గింపు శాతము విధిగా పేర్కొనవలెను. ఈ త్రైమాసికము ముగియులోగా సిబ్బంది జివ్వును ఎనభై శాతము తగ్గించుటకు మిమ్ములను బాధ్యులను చేయడమైనది." జివ్వు తగ్గించే పేస్టుకు టెండర్లు పిలిచారు. పిలిచి, రద్దు చేసి, మళ్ళీ పిలిచారు. పేస్టు ట్యూబులు ఎనిమిది అట్టపెట్టెల్లో ముమ్మిడిలంక చేరేసరికి మే నెల వచ్చింది.

తగ్గించాలంటే ముందు ఎంతుందో కొలవాలి. అందుకని పరాంకుశం గారు ముగ్గురు సభ్యులతో కమిటీ వేసి, అధ్యక్షుడిగా తనను తానే వేసుకున్నారు. ఐసు ముక్కలు వేసిన నీళ్ళు ఒక్కొక్కరి చేత తాగించి మార్కులు వేయాలి. కన్ను చిట్లిస్తే రెండు, భుజాలు పైకి లేస్తే మూడు, అమ్మా అంటే అయిదు. మొత్తం పది. రోహిణి కార్తె ఎండ, మధ్యాహ్నం పన్నెండు గంటలు. నలభై ఒక్క మందీ ఐసునీళ్ళు గటగటా తాగి ప్రాణం లేచివచ్చిందన్నారు. సత్తిబాబు రెండో గ్లాసు అడిగాడు. కమిటీ పుస్తకంలో నలభై ఒక్క సున్నాలు పడ్డాయి.

పరాంకుశం గారి మొహం పాలిపోయింది. "వీళ్ళకు జివ్వే లేకపోతే నేను తగ్గించేదేమిటి?" అని ఆయన వీర్రాఘవుల్ని నిలదీశారు. మొత్తం పోయింది కాబట్టి నూరు శాతం తగ్గిందని రాసేద్దామండీ అని వీర్రాఘవులు జీవితంలో మొదటిసారి ఒక సలహా ఇచ్చాడు. ఆయన ఒప్పుకోలేదు. మొదటి కొలత లేకుండా రెండో కొలత లేదు, సున్నాలోంచి ఎనభై శాతం తీయడం గణితశాస్త్రంలోనే లేదు. లక్ష్యం చేరకపోతే ఆయన మళ్ళీ టైర్ల దగ్గరికే పోవాలి. ఆ రోజు ఆయన భోజనం చేయకుండా ఆలోచించి సాయంకాలానికి ఒక ఉత్తర్వు తయారుచేశారు. సిబ్బందికి రెండోసారి ధవళీకరణం జరిపించి, తద్వారా తగినంత జివ్వు సమకూర్చుకుని, ఆ పైన తగ్గింపు కార్యక్రమం చేపట్టాలి. ఇందులో ఏమాత్రమూ జివ్వు చూపించలేనివారిని ప్రగతి లేని సిబ్బందిగా గుర్తించి, ప్రయాణికులతో పని లేకుండా చేయాలి.

హసీనా బేగం ఫోనులోనే కుదరదంది. బతిమాలితే ఉత్తరం రాసి పంపింది. మూడు నెలలకే మళ్ళీ చేస్తే పళ్ళు దెబ్బతింటాయని, నొప్పి తగ్గించడం తన పనిగానీ తగ్గించడానికి నొప్పి పుట్టించడం తన పని కాదని అందులో ఉంది. పరాంకుశం గారు ఉత్తరాన్ని ఫైల్లో పెట్టించి, పని డిపో గ్యారేజీకి అప్పగించారు. క్యాంపులో మిగిలిపోయిన మందు డబ్బాలు ఉన్నాయి కదా. నీలం లైటు కోసం పాత బస్సు హెడ్‌లైటు ఊడదీసి నీలం కాగితం చుట్టారు. బస్సులకు తెల్లరంగు వేయించడంలో ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న ఫోర్‌మన్‌ను దీనికి సాంకేతిక నిపుణుడిగా నియమించారు. పాపం ఆ మనిషి ఇది తన పని కాదని మొత్తుకున్నాడు.

సుభద్ర డాక్టరమ్మకు ఫోన్ చేసింది. వద్దంటే వద్దని ఆవిడ గట్టిగా చెప్పింది. చేయించుకోకపోతే మైకు పోతుంది, చేయించుకుంటే పళ్ళు పోతాయి. సుభద్ర ఆ రాత్రంతా మంచం మీద అటూ ఇటూ దొర్లింది. తెల్లారుజామున ఆవిడకు ఒక సంగతి తట్టింది. కమిటీ వాళ్ళు పళ్ళను కొలవడం లేదు, భుజాలను కొలుస్తున్నారు. భుజాలు తన చేతిలో పని. పొద్దున్నే వంటింట్లో చెంబుతో నీళ్ళు తాగుతూ భుజాలు ఎగరేయడం సాధన చేస్తుంటే సూర్రాజు వచ్చి, ఫ్రిజ్జు గానీ షాకు కొడుతోందా అని అడిగాడు.

గ్యారేజీలో ఆవిడ వంతు వచ్చినప్పుడు ఫోర్‌మన్‌ను పక్కకు పిలిచి మెల్లగా చెప్పింది. అతను మందు డబ్బా పక్కన పెట్టి, తన క్యారేజీలోంచి కాస్త పెరుగు తీసి ఆవిడ పళ్ళకు రాసి, హెడ్‌లైటు వేసి, రిజిస్టరులో టిక్కు పెట్టాడు. ఆ రోజు గ్యారేజీలో సుఖపడ్డ మనిషి ఆవిడ ఒక్కతే. మిగతా నలభైమందీ దవడలు పట్టుకుని బయటికి వచ్చారు.

మర్నాడు మళ్ళీ ఐసునీళ్ళ పరీక్ష పెట్టారు. అందరికీ అయిదులూ ఏడులూ వచ్చాయి. సుభద్ర గ్లాసు ఎత్తింది. ఒక గుక్క తాగింది. కళ్ళు రెండూ గట్టిగా మూసుకుపోయాయి, భుజాలు చెవులదాకా వెళ్ళాయి, "అమ్మా" అని ఆవిడ పెట్టిన కేక మైకు లేకుండానే ఆరు ప్లాట్‌ఫారాలకూ వినిపించింది. అంతటితో ఆగకుండా అమ్మమ్మను కూడా పిలిచింది. పదికి పది వేశారు. అమ్మమ్మకు మార్కులు లేకపోవడం అన్యాయమని కమిటీ నమోదు చేసింది.

"ఇంత నిజాయితీ గల జివ్వును నా సర్వీసులో చూడలేదు" అని పరాంకుశం గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

సుభద్ర గండం గడిచిందనుకుంది. సాయంత్రం ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఎనిమిదికి పైన మార్కులు వచ్చినవారు పదిహేను రోజులపాటు పళ్ళకు గాలి సోకనివ్వకూడదు. పేస్టు రాసుకోవాలి, పెదవులు మూసి ఉంచాలి. విధినిర్వహణ మాత్రం యథావిధిగా జరగాలి. ఎనిమిదికి పైన వచ్చింది సుభద్ర ఒక్కదానికే.

"మూసిన నోటితో బస్సులు ఎలా చెప్తానండీ?" అని ఆవిడ అడిగింది.

"చెప్పడం మీ విధి, మూయడం మీ చికిత్స. రెంటికీ వేర్వేరు ఉత్తర్వులున్నాయి. వాటిలో ఒకదానితో ఒకటి విభేదించినట్టు ఎక్కడా లేదు" అన్నారాయన.

చికిత్స సరిగ్గా జరుగుతోందో లేదో చూడమని వీర్రాఘవుల్ని ఆవిడ గదిలోనే కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నోరు తెరిచిందా, నొప్పి లేదని తేలిపోతుంది. నొప్పి లేదంటే ప్రగతి లేదు, మైకూ లేదు. నొప్పే లేని సుభద్ర, ఆ పదిహేను రోజులూ పెదాలు బిగించి, ముక్కులోంచి బస్సులు చెప్పింది.

ఆ పదిహేను రోజుల్లో ఎవరు ఎక్కడికి వెళ్ళారో చెప్పడం కష్టం. "మ్మ్మ్మ్మ్ మ్మ్ మ్మ్మ్" అని స్పీకర్లలోంచి వచ్చేది. అది రాజోలు అని కొందరు, కాదు మండపేట అని కొందరు పందేలు కట్టుకుని ఎక్కేవారు. అమలాపురం కోర్టు వాయిదాకు బయల్దేరిన ఒకాయన తునిలో దిగి, వచ్చాక ఏం చేస్తామని అక్కడ చుట్టాలను చూసుకుని వచ్చాడు. ఒక పెళ్ళివారు రెండు బస్సుల నిండా పొరపాటు ఊరికి వెళ్ళి, అక్కడ జరుగుతున్న ఇంకొకరి పెళ్ళిలో భోంచేశారు. వంటలు బాగున్నాయనే చెప్పుకున్నారు. తన మాట నమ్ముకుని వచ్చిన జనాన్ని తనే దారి తప్పిస్తోందని సుభద్రకు తెలుసు. రోజూ ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుని ఏడ్చేది. పదిహేను రోజులే కదా, తర్వాత నా మైకు నాది, అని తనకు తానే చెప్పుకునేది.

ఫిర్యాదుల పుస్తకం నిండిపోయింది. కేంద్ర కార్యాలయం వాళ్ళు ఆ పుస్తకం తెప్పించుకుని చదివి చాలా సంతోషించారు. అవన్నీ జివ్వు తీవ్రతకు తిరుగులేని ఆధారాలట. ఇంకా గట్టి ఆధారం కావాలని ఒక మనిషిని పంపి, ఒక రోజు పొద్దుటి మొదటి బస్సు నించి చివరి బస్సుదాకా ఆవిడ చెప్పిన ప్రకటనలన్నీ రికార్డు చేయించుకున్నారు. కమిటీ ఆ రికార్డును విని, ఆమోదించి, సంతకాలు పెట్టి భద్రపరిచింది.

పదహారో రోజున రెండో కొలత జరిగింది. మిగతా సిబ్బందికి సగమైనా తగ్గలేదు. హెడ్‌లైటు దెబ్బ అలాంటిది. సుభద్ర ఐసునీళ్ళ గ్లాసు అందుకుని చుక్క మిగల్చకుండా తాగి, ఇంకాస్త నిమ్మకాయ పిండితే బాగుండేదంది. రెప్ప కదల్లేదు. పది నించి సున్నా. నూరు శాతం తగ్గింపు. సంస్థ చరిత్రలో ఏ పథకానికీ నూరు శాతం రాలేదు. పరాంకుశం గారు మిగతా నలభై మంది లెక్కను అనుబంధంలో వేసి, సుభద్ర లెక్కను మొదటి పేజీలో వేశారు.

ఇంకేముంది, సన్మానం పెట్టారు. శాలువా కప్పారు. పేస్టు ట్యూబులతో గుచ్చిన దండ వేశారు. పరాంకుశం గారు ప్రసంగిస్తూ, ఇంతటి ప్రతిభను ఒక చిన్న గదిలో, ఒక మైకు ముందు వృథా చేయడం సంస్థ మనస్సాక్షికి సమ్మతం కాదన్నారు. ఆవిడను రాష్ట్ర జివ్వు నివారణ సమన్వయకర్తగా ప్రమోషను మీద కేంద్ర కార్యాలయానికి బదిలీ చేస్తున్న ఉత్తర్వును అక్కడే చదివి వినిపించారు.

సుభద్ర శాలువా తీసి కుర్చీ మీద పెట్టింది. "నాకు వద్దండి" అంది. "ఆ మైకు ఉంటే చాలండి నాకు. దాని కోసమే కదండీ ఇదంతా చేశాను."

"చూశారా" అన్నారాయన సభకేసి తిరిగి. "ఇదీ నిరాడంబరత."

జనం చప్పట్లు కొట్టారు. ఆవిడ ఏడ్చింది. పేపరులో ఆ ఫోటో కింద ఆనందబాష్పాలని రాశారు.

మైకు ఖాళీ అయింది. కొత్త మనిషిని వేయడానికి పైనించి అనుమతి లేదు. ఉన్నవాళ్ళలో ఎవరినైనా కూర్చోబెట్టాలంటే వాళ్ళ జివ్వు ఇంకా తగ్గలేదు. అప్పుడు వీర్రాఘవులుకు ఫైల్లో ఉన్న రికార్డు గుర్తొచ్చింది. ముమ్మిడిలంక బస్సులన్నీ వరసగా, ఒక్కటీ తప్పకుండా, అనుభవం గల ఉద్యోగి గొంతుతో చెప్పినది, పైగా కమిటీ ఆమోదం ఉన్నది. అంతకంటే ఏం కావాలి? తదుపరి ఉత్తర్వులు వచ్చేదాకా దాన్నే వేయమని రాసి సంతకం పెట్టాడు. తదుపరి ఉత్తర్వులు రాలేదు.

కేంద్ర కార్యాలయంలో సుభద్రకు ఒక గది ఇచ్చారు. కుర్చీ ఇచ్చారు, బల్ల ఇచ్చారు, బల్ల మీద ఏమీ లేదు. అక్కడ ఆవిడ మాట వినేవాళ్ళు లేరు, వినవలసిన మాటా లేదు. ఎనిమిది నెలలు అలా కూర్చుని, కొత్తపేటలో అక్క వాళ్ళ గృహప్రవేశం వస్తే నాలుగు రోజులు సెలవు పెట్టి ముమ్మిడిలంక వచ్చింది. మర్నాడు పదకొండు గంటలకు, కొత్త చీర కట్టుకుని, చేతిలో పళ్ళెం, పసుపు కుంకుమల సంచీతో బస్టాండులో బెంచీ మీద కూర్చుంది. పదకొండున్నరకు కొత్తపేట బస్సుంది. ముహూర్తం పన్నెండున్నరకి. అక్కకు తను తప్ప పుట్టింటివాళ్ళు లేరు, తను వెళ్ళి బట్టలు పెడితే గాని పీటల మీద కూర్చోనని అక్క ముందే చెప్పింది.

స్పీకర్లు కరకరలాడాయి. "మ్మ్మ్ మ్మ్మ్మ్ మ్మ్" అని వినిపించింది. సుభద్ర ఉలిక్కిపడి లేచింది. గొంతు తనదే. రికార్డు చేసుకున్న రోజు, ఆ గదిలో వీర్రాఘవులు కుర్చీలో కాపలా ఉండగా తను చెప్పినదే. ఆవిడ రెండు చేతులూ చెవుల దగ్గర పెట్టుకుని వింది. కొత్తపేటేనా? నాలుగక్షరాల ఊరిలాగే ఉంది. ప్లాట్‌ఫారం రెండా, ఆరా? తను రెండు అనేటప్పుడు ఎలా చెప్పేది, ఆరు అనేటప్పుడు ఎలా చెప్పేది? ఎంత తలబద్దలు కొట్టుకున్నా తన మాట తనకే అందలేదు. పక్కనున్నవాళ్ళ మొహాల్లోకి చూస్తే వాళ్ళు ఆవిడ మొహంలోకి చూశారు. రెండనుకుని రెండో ప్లాట్‌ఫారానికి పరుగెత్తింది. అక్కడ కాకినాడ బస్సు ఉంది. వెనక్కి తిరిగేసరికి ఆరో ప్లాట్‌ఫారం మీదనించి ఒక బస్సు దుమ్ము రేపుకుంటూ గేటు దాటింది.

ఆయాసపడుతూ విచారణ కౌంటరు దగ్గరికి వచ్చింది. సత్తిబాబు ఆవిడను గుర్తుపట్టి, లేచి నిలబడి, నిండుగా, తెల్లగా నవ్వాడు. కొత్తపేట బస్సు ఏదని ఆవిడ అడిగింది.

"అదిగోనండి, ఇప్పుడే ఎల్లిపోయింది. మళ్ళీ రెండింటికేనండి" అన్నాడు. అతని గొంతులో వెటకారం ఏమీ లేదు, నిజంగానే జాలిపడ్డాడు. "అదేంటండీ సుభద్రమ్మగారూ, ఇందాకే చెప్పారు కదండీ మీరు."